పది చానళ్ల మిక్సర్‌లో మైకులెన్ని?

ఆదిలాబాద్ జిల్లా బోథ్ చుట్టుపక్కల ఊళ్లలో బ్యాండు అంటే ఒక్క రకం కాదు. పెళ్లి బరాత్ ముందు నడిచే బాజా వాళ్లున్నారు. కీబోర్డు, ప్యాడ్, డోలక్ పెట్టుకొని జాతరల్లో, సభల్లో పాడే కళాబృందాలున్నాయి. హార్మోనియం, తబలా, తాళాలతో తెల్లవార్లూ కూర్చునే భజన మండళ్లున్నాయి. కిన్వట్ వైపు మహారాష్ట్ర సరిహద్దు ఊళ్లలో వాటికి పఖవాజ్ కూడా తోడవుతుంది. చర్చి పాటల గుంపులున్నాయి. గోండు గూడేల్లో దీపావళి రోజుల దండారి, గుస్సాడీ ఆటలకు తుడుం, డోలు, పెప్రె మోగుతాయి. వాళ్ల కథకులైన ప్రధానులు కికిరి పట్టి కథ చెబుతారు. వీళ్లలో ఏ బృందమైనా ప్రతిసారీ టెంట్‌హౌస్ సౌండ్ అద్దెకు తెచ్చుకొని, అవతలి కుర్రాడు ఎంత వినిపిస్తే అంతే ప్రాప్తమనుకొని పాడి పాడి, ఏదో ఒక రోజు సొంత సౌండ్ మిక్సర్ మాట ఎత్తుతుంది. తికమక అక్కడే మొదలు.

దుకాణదారు మొదట అడిగేది ‘ఎన్ని చానళ్లది కావాలె?’ అని. కొనేవాళ్లు మొదట అడిగేది ‘బ్లూటూత్ ఉన్నదా?’ అని. ఈ రెండు ప్రశ్నలతోనే బేరం ముగిస్తే ఆ మిక్సర్ ఏడాదిలో మూలకు చేరుతుందని నా అభిప్రాయం. అడగాల్సినవి వేరే ఉన్నాయి. మైకులు నిజంగా ఎన్ని పడతాయి? పాడేవాళ్లకు తమ గొంతు తమకు వినిపించే దారి ఉందా? కరెంటు పోయి వస్తే ఏమవుతుంది? చెడితే ఎవరు విప్పుతారు?

ఇవాళ ఈ ప్రశ్నలు ఒక పల్లె బృందం అడగగలుగుతోందంటే దాని వెనక యాభై ఏళ్ల కథ ఉంది. 1973లో ఇంగ్లండులో సౌండ్‌క్రాఫ్ట్ కంపెనీ, ఊరూరా తిప్పడానికి వీలుగా పెట్టెలోనే అమర్చిన మిక్సర్ తెచ్చింది. అంతకు ముందు మిక్సర్ అంటే ఎక్కువగా స్టూడియో గదిలో కదలకుండా ఉండే వస్తువు. తొంభైల మొదట్లో అమెరికాలో మ్యాకీ చిన్న సైజు పదహారు చానళ్ల మిక్సర్‌తో ధర దించింది. జర్మనీలో 1989లో పుట్టిన బెహ్రింగర్, తయారీని చైనాకు మార్చి ఇంకా దించింది. అదే కంపెనీ 2012లో ఎక్స్32 పేరుతో తెచ్చిన డిజిటల్ కన్సోల్, అంతవరకు పెద్ద కంపెనీల చేతిలోనే ఉన్న సౌకర్యాలను మధ్యతరగతి బృందాల దాకా తెచ్చింది. మన దగ్గర మాత్రం చాలాకాలం మైకుసెట్టు అంటే ఢిల్లీ కంపెనీ అహుజా యాంప్లిఫయర్, రెండు హారన్లు. మైకులు దూర్చే రంధ్రాలు, వాల్యూమ్ గుండీలు ఆ యాంప్లిఫయర్‌లోనే ఉండేవి కాబట్టి విడిగా మిక్సర్ అనే ఆలోచనే రాలేదు. పంచాయతీ ప్రకటనకు, ఒక గొంతు ఒక తబలాకు ఇప్పటికీ అది చాలు. అలాంటి బృందం ఈ వ్యాసం చదవడం మానేసి ఆ డబ్బుతో మంచి మైకు కొనుక్కోవచ్చు.

ఇక చానళ్ల సంగతి. పెట్టె మీద రాసిన అంకెలో కంటికి కనిపించని లెక్క ఒకటుంది. మైకు పెట్టే చానల్ ఒకటిగానే లెక్కపడుతుంది. కీబోర్డు, ఫోను లాంటివి పెట్టే స్టీరియో చానల్‌కు కుడి ఎడమలు ఉంటాయి కాబట్టి దాన్ని రెండుగా లెక్కేస్తారు. యమహా ఎంజీ10ఎక్స్‌యూ పది చానళ్ల మిక్సర్. అందులో మైకులు పట్టేది నాలుగే. ఎంజీ12ఎక్స్‌యూలో ఆరు, ఎంజీ16ఎక్స్‌యూలో పది. బెహ్రింగర్ క్యూఎక్స్1204 పేరులో పన్నెండు ఉన్నా మైకులు నాలుగే. అలెన్ అండ్ హీత్ జెడ్10ఎఫ్‌ఎక్స్ కూడా నాలుగే. డిజిటల్‌లో ఈ తేడా ఇంకా విచిత్రంగా ఉంటుంది. బెహ్రింగర్ ఎక్స్‌ఆర్12లో మైకులకు నాలుగు చోట్లు, ఎక్స్‌ఆర్16లో ఎనిమిది, ఎక్స్‌ఆర్18లో పదహారు. పేరులో పదహారు నుంచి పద్దెనిమిదికి పెరిగితే మైకులు రెట్టింపయ్యాయి! కంపెనీలు అబద్ధం చెప్పలేదు. మనం పెట్టె పైభాగం చూసి వచ్చేశాం, అంతే.

అందుకని దుకాణానికి పోయే ముందు బృందం మొత్తం కూర్చొని కాగితం మీద రాసుకోవాలి. మామూలు కళాబృందాన్నే తీసుకుందాం. ముందు పాడేవాళ్లు ఇద్దరు, వెనక కోరస్‌కు ఒక మైకు, డోలక్‌కు రెండు వైపులా రెండు, హార్మోనియంకు ఒకటి, వ్యాఖ్యాతకు ఒకటి. ఏడు మైకులయ్యాయి. కీబోర్డు, ప్యాడ్, ట్రాక్ పాటల ఫోను కలిపి మూడు స్టీరియోలు. పెద్దమనిషి ఎవరో మధ్యలో వచ్చి నాలుగు మాటలు మాట్లాడతానంటాడు, దానికొకటి ఖాళీగా ఉండాలి. ఎనిమిది. ఈ బృందానికి పది చానళ్ల మిక్సర్ అమ్మితే అమ్మినవాడిది పాపమే. భజన మండలికైతే ముగ్గురు పాడేవాళ్లు, హార్మోనియం, తబలాకు రెండు, అంటే ఆరుతో సరిపోతుంది. డోలక్‌కు ఒకే మైకుతో సర్దుకుంటామంటే సర్దుకోవచ్చు కానీ, ఎడమ వైపు గుమ్ము పోయి కుడి వైపు టకటక ఒక్కటే మిగులుతుంది.

మైకు ఏ రంధ్రంలో పెడుతున్నామన్నది కూడా ముఖ్యం. మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ సాకెట్‌కు మైకు స్థాయిని పెంచే శక్తి ఉంటుంది. మామూలు మైకు ఇచ్చేది ఒకటి రెండు మిల్లీవోల్టులు మాత్రమే మరి. చాలా మిక్సర్లలో పక్కనున్న లావు జాక్ రంధ్రం కీబోర్డు లాంటి గట్టి సిగ్నల్ కోసం పెట్టింది. మన దగ్గర చాలామంది దగ్గరున్న మైకు తీగలకు ఒక కొన లావు జాకే. దాన్ని ఆ రంధ్రంలో పెట్టి, శబ్దం రావడం లేదని అన్నీ చివరిదాకా తిప్పి, సుయ్‌మనే మోత తప్ప ఏమీ రాక మిక్సర్‌ను తిడతారు. అదీకాక జాక్ తీగలో సిగ్నల్‌కు రెండే దారులు. పొడుగు తీగైతే పక్కనున్న సీరియల్ లైట్ల గుర్రు అంతా మైకులోకి ఎక్కుతుంది. రెండు కొనలా ఎక్స్‌ఎల్‌ఆర్ ఉన్న తీగలు కొన్నాకే మిక్సర్ మంచిదా చెడ్డదా అనే చర్చ.

మైకు కూయడం మరో పెద్ద ఫిర్యాదు. ఖరీదైన మిక్సర్ కొంటే కూత ఆగుతుందని అందరి ఆశ. బాక్సులోంచి వచ్చిన శబ్దం మళ్లీ మైకులో పడి, మళ్లీ బాక్సులోంచి వచ్చి, అలా చుట్టూ తిరగడమే కూత. మిక్సర్ అందులో ఒక మెట్టు మాత్రమే. నోటికి మైకు దూరం సగానికి తగ్గిస్తే గొంతు ఆరు డెసిబెల్స్ పెరుగుతుంది. తెరిచి ఉన్న మైకుల సంఖ్య రెట్టింపు చేసిన ప్రతిసారీ కూత రాకముందు పెంచుకోగల హద్దు మూడు డెసిబెల్స్ తగ్గుతుంది. అంటే ఎనిమిది మైకుల్లో వాడని నాలుగు మూసేసి, పాడేవాడిని మైకుకు ఉన్న దూరంలో సగానికి జరిపితే తొమ్మిది డెసిబెల్స్ ఉచితంగా చేతికొస్తాయి. బాక్సుల్ని మైకుల కంటే ముందుకు, జనం వైపుకు పెట్టడం కూడా డబ్బు లేని పనే. స్టేజీ చిన్నదని బాక్సుల్ని పాడేవాళ్ల వెనక పెట్టే అలవాటు ఉన్నంతకాలం లక్ష రూపాయల మిక్సర్ కూడా కూస్తుంది.

ఈ లెక్కల్లో అన్నింటికంటే కష్టమైన వాద్యం కికిరి. గుర్రపు వెంట్రుకల తీగలు మూడు, కమానుతో వాయించేది, మెత్తని నాదం. పక్కనే డోలు మోగుతుంటే అడుగు దూరంలో పెట్టిన మైకులో కికిరి కంటే డోలే ఎక్కువ పడుతుంది. మైకును నాలుగు వేళ్ల దూరానికి తేవాలి. మైకు వెనక భాగం డోలు వైపు ఉండేలా తిప్పాలి, ఎందుకంటే పాటల మైకులకు వెనక చెవి మందం. మిక్సర్‌లో కింది శబ్దాన్ని కోసేసే బటన్ ఆ చానల్‌కు నొక్కాలి. అప్పుడు కూడా మైకు స్థాయిని పెంచే గెయిన్ గుండీని బాగా తిప్పాల్సి వస్తుంది. చవక మిక్సర్ అసలు రంగు బయటపడేది ఇక్కడే. గొంతుకు పెద్దగా తేడా తెలియని మిక్సర్లు కికిరి దగ్గర సుయ్‌మంటాయి. తుడుం, పెప్రెలకు ఈ బాధ లేదు. బోథ్ బడి మైదానమంత చోట వాటికి మైకే అక్కర్లేదు. గుస్సాడీలు ఎలాగూ ఒక చోట నిలబడరు. ఎదురుగా ఒకటి రెండు స్టాండు మైకులు చాలు, వాటిని పెంచకపోవడమే ఆటకు మర్యాద.

పాడేవాడికి తన గొంతు తనకు వినిపించకపోతే గొంతు చించుకుంటాడు, శ్రుతి తప్పుతాడు. స్టేజీ మీద మానిటర్ బాక్సు పెట్టేది అందుకే. ఆ బాక్సుకు విడిగా సిగ్నల్ పంపే దారిని ఆక్స్ అంటారు. ఎంజీ10ఎక్స్‌యూలో ఆక్స్ ఒక్కటే, ఎఫెక్టుకు వెళ్లేది కూడా అదే. జనానికి ఈకో కావాలి, పాడేవాడికి తన గొంతు కావాలి అన్నప్పుడు రెండూ ఒకే గుండీ మీద పడి కొట్లాడుకుంటాయి. ఎంజీ12లో రెండు, ఎంజీ16లో నాలుగు. మానిటర్‌కు పంపే ఆక్స్‌ను, జనానికి వినిపించేది పెంచి తగ్గించే ఫేడర్‌తో సంబంధం లేకుండా చేసే ‘ప్రీ’ బటన్ ఉందో లేదో చూసుకోవాలి. లేకపోతే బయట జనానికి గొంతు తగ్గించినప్పుడల్లా పాడేవాడికీ తగ్గుతుంది. అతను వెనక్కి తిరిగి చేయి పైకెత్తి సైగలు చేస్తూ పాడతాడు. ఈ దృశ్యం మన సభల్లో ఎంత మామూలో చెప్పనక్కర్లేదు.

ఈకో గురించి నా మాట కొందరికి నచ్చకపోవచ్చు. తొంభై తొమ్మిది ఎఫెక్టులున్నాయని రాసి ఉన్న మిక్సర్ దగ్గర జనం ఆగిపోతారు. పాటకు కొంచెం మెరుపు అవసరమే. కథ చెప్పేవాడి మాటకు ఈకో పెడితే మాత్రం ఒక మాట తోక మరో మాట మీద పడి, వెనక వరసకు అర్థం అందదు. పాటకు పాటకు మధ్య మాట్లాడేటప్పుడు ఎఫెక్టును ఒక్క నొక్కుతో ఆపే బటన్ ఉందా అని చూడండి. ఎఫెక్టులు ఎన్ని ఉన్నాయన్న దానికంటే అది విలువైనది. బ్లూటూత్ సంగతి ఒక్క వాక్యంలో చెప్తా: భజన మధ్యలో ఫోను మోగి రింగ్‌టోన్ ఊరంతా వినే అవకాశాన్ని డబ్బిచ్చి కొనుక్కోవద్దు.

ఇప్పుడు డిజిటల్. పెట్టె మీద గుండీలు లేని, ట్యాబ్ మీదో ఫోన్ మీదో తిప్పుకొనే మిక్సర్ల మీద కుర్ర బృందాలకు మోజు పెరిగింది. ఆ మోజులో న్యాయం ఉంది. ఎక్స్‌ఆర్18లో పదహారు మైకులు, ఆరు ఆక్స్‌లు, ప్రతి చానల్‌కు శబ్దపు హెచ్చుతగ్గులను అణిచే కంప్రెసర్, ప్రతి బయటిదారికి కూత వచ్చే చోటును కోసేసే ఈక్వలైజర్ ఉంటాయి. నిన్నటి సభ సెట్టింగ్ దాచుకొని ఇవాళ మళ్లీ తెరవొచ్చు. ఇవన్నీ విడివిడిగా కొంటే మిక్సర్ ధర దాటిపోతుంది. సౌండ్‌క్రాఫ్ట్ యూఐ12లో ఎనిమిది మైకులు పడతాయి, నడపడానికి ప్రత్యేకమైన యాప్ కూడా అక్కర్లేదు, ఫోన్ బ్రౌజర్ చాలు. అన్నింటికంటే పెద్ద లాభం ఇంకొకటి. మన చిన్న బృందాల్లో మిక్సర్ నడిపేది ఎవరు? కీబోర్డు వాయించేవాడే, స్టేజీ మీద, బాక్సుల వెనక కూర్చొని. జనానికి ఎలా వినిపిస్తోందో అతనికి తెలియదు. చేతిలో ట్యాబ్ ఉంటే ఒకరు జనంలో నడుస్తూ సరిచేయొచ్చు.

చిక్కులు కూడా తక్కువేం కాదు. లోపల అమర్చిన వైఫై గుంపు మధ్య నిలవదు. వందల ఫోన్ల నడుమ ట్యాబ్‌కు మిక్సర్ కనిపించకుండా పోతే, పెట్టె మీద తిప్పడానికి ఒక్క ఫేడర్ కూడా ఉండదు. విడిగా ఒక రౌటర్ కొని ఎత్తున పెట్టడం తప్పనిసరి ఖర్చు, దాన్ని మిక్సర్ ధరలోనే కలిపి చూడాలి. మే నెల ఎండలో ట్యాబ్ వేడెక్కి తనంతట తానే ఆగిపోవచ్చు. ఇక కరెంటు. అనలాగ్ మిక్సర్ కరెంటు పోయి వచ్చిన క్షణంలో పాడటం మొదలుపెడుతుంది. డిజిటల్‌ది చిన్న కంప్యూటరే కాబట్టి మళ్లీ లేవడానికి సమయం తీసుకుంటుంది. లైను నుంచి జనరేటర్‌కు మారే ప్రతిసారీ పాట మధ్యలో నిశ్శబ్దం. దీనికి మందు సులువే. ఈ మిక్సర్లు వాడేది యాభై వాట్ల చుట్టుపక్కలే, కంప్యూటర్‌కు పెట్టే చిన్న యూపీఎస్ మీద హాయిగా నడుస్తాయి. రౌటర్‌ను కూడా దానికే తగిలించాలి, ఇది మాత్రం చాలామంది మరిచిపోతారు.

మన ప్రాంతపు దుమ్ము, చలి రెండూ మిక్సర్‌కు శత్రువులే. పత్తి, సోయా కోతల కాలంలో దుమ్ము ఫేడర్ల సందుల్లోకి దిగి గరగర మొదలవుతుంది. పుష్యమాసంలో కేస్లాపూర్ నాగోబా జాతర రోజుల్లో ఆదిలాబాద్ జిల్లా చలి సంగతి తెలిసిందే, తెల్లవారుజామున మంచు పరికరాల మీద తడిగా దిగుతుంది. దుమ్ముకు, మంచుకు రెండింటికీ మూత గుడ్డ ఒకటి, రేకు పెట్టె ఒకటి. వీటిమీద పెట్టే ఖర్చును దండగనేవాళ్లు రెండో ఏట ఫేడర్లు మార్పిస్తారు.

పాత యాంప్లిఫయర్‌ను వదలకుండా దానికే కొత్త మిక్సర్ తగిలించాలనుకునే బృందాలు ఎక్కువ. తప్పులేదు. మిక్సర్ నుంచి వచ్చే తీగను యాంప్లిఫయర్ ముందున్న మైకు రంధ్రంలో పెడితే మాత్రం గొంతు పగిలిపోతుంది. మైకుకంటే వందల రెట్లు పెద్ద సిగ్నల్ అది. వెనక లైన్ అనో ఆక్స్ అనో రాసిన చోటు దానిది. మిక్సర్, యాంప్లిఫయర్ ఒకే పెట్టెలో ఉండే పవర్డ్ మిక్సర్లు కూడా దొరుకుతాయి. మోసుకుపోవడానికి బాగుంటాయి గానీ ఒకటి చెడితే రెండూ చెడినట్టే, కాబట్టి ఒక్క రిపేరుకు నలభై యాభై కిలోమీటర్లు పోవాల్సిన చోట నేను సిఫార్సు చేయను.

చట్టం మాట కూడా చూసుకోవాలి. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బయట లౌడ్‌స్పీకర్ పెట్టరాదు, మిగతా వేళల్లో కూడా రాతపూర్వక అనుమతి కావాలి. నివాస ప్రాంతాల హద్దు పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45. 2024లో హైదరాబాద్ పోలీసులు మతపరమైన ఊరేగింపుల్లో డీజేలను నిషేధించారు. డీజే మోతకు, కళాబృందం పాటకు తేడా అధికారికి చూపించాలంటే శబ్దాన్ని అదుపులో పెట్టే చేయి మన దగ్గరే ఉండాలి. సొంత మిక్సర్‌కు ఇది కూడా ఒక కారణం.

అయితే ఏది కొనాలి? నాలుగు మైకుల లోపు భజనకు, చర్చికి ఎంజీ10 తరగతి అనలాగ్ చాలు, మానిటర్ ఆశ వదులుకుంటే. ఆరు మైకులు, ఒక మానిటర్ కావాలంటే ఎంజీ12 తరగతి. నా లెక్కలో బోథ్ చుట్టుపక్కల బృందాల్లో ఎక్కువమందికి ఇదే సరైన మెట్టు. ఎనిమిది మైకులు కావాల్సిన కళాబృందం అసలు పోటీ చూస్తుంది. ఎంజీ16 ధర ఎంజీ10కి రెట్టింపు దాటుతుంది, అంత పెట్టే చోట యూఐ12, ఎక్స్‌ఆర్18 లాంటివి కూడా పోటీకి వస్తాయి. బృందంలో ఫోన్ సెట్టింగులతో భయం లేకుండా ఆడుకునే మనిషి ఒకరు స్థిరంగా ఉంటే డిజిటల్. ఆ మనిషి చదువుకో ఉద్యోగానికో హైదరాబాద్ వెళ్లిపోయేవాడైతే అనలాగ్. యంత్రం కంటే మనిషిని చూసి తేల్చుకోవాల్సిన విషయం ఇది. పేరు తెలియని చవక మిక్సర్లను పూర్తిగా కొట్టిపారేయను. ఊళ్లో బాగుచేసే చేయి ఉండి, అందులో గుండీలు విప్పి మార్చగలిగినవైతే, రెండేళ్లు నేర్చుకోవడానికి పనికొస్తాయి.

ఇక కొనే చోటు సంగతి. ఆదిలాబాద్ పట్నానికి హైదరాబాద్ కంటే నాగ్‌పూర్ దగ్గర. హైదరాబాద్‌లో కోఠి గుజరాతీ గల్లీకి పోయేవాళ్లూ ఉన్నారు. ఎక్కడ కొన్నా సొంత మైకు, సొంత తీగ, హెడ్‌ఫోన్ వెంట తీసుకుపోవాలి. ప్రతి మైకు సాకెట్‌లో పెట్టి చూడాలి, గెయిన్ చివరిదాకా తిప్పి హెడ్‌ఫోన్‌లో సుయ్ ఎంతుందో వినాలి. పాతది కొంటుంటే ప్రతి ఫేడర్‌ను పైకీ కిందికీ పదిసార్లు లాగి గరగర ఎక్కడుందో గుర్తుపెట్టుకోవాలి, కండెన్సర్ మైకు పెట్టి దానికి కావాల్సిన 48 వోల్టులు అన్ని చానళ్లకూ వస్తున్నాయా చూడాలి. చిన్న మిక్సర్లలో కొన్నింటికి బయట అడాప్టర్ ఉంటుంది, దాని పిన్ను మామూలు ఫోన్ చార్జర్ల లాంటిది కాదు. అది పోతే బోథ్‌లో దొరకదు. బిల్లుతోపాటు రెండో అడాప్టర్ కూడా అప్పుడే రాయించుకోండి.